గాయపడ్డవాడి దగ్గర ఎవరు ఆగాలి?

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) సైనికుడి కాలం కాల్పుల్లో కంటే నడకలోనే ఎక్కువ గడిచింది. తుపాకి, తూటాలు, దుప్పటి, నీళ్ల సీసా, రెండు మూడు రోజుల తిండి అన్నీ ఒంటిమీదే. పైగా ఎండాకాలంలో కూడా ఉన్ని బట్టలు. గట్టి బిస్కెట్లను కాఫీలో నానబెడితే తప్ప పంటికి లొంగేవి కావు. నానితే పురుగులు పైకి తేలేవి. వాటిని తీసి పారేసి ఆ కాఫీనే తాగేవాళ్లు. 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధానికి ఉత్తరాది సైన్యంలోని ఆరో కోర్ అనే పెద్ద దళం రాత్రి బయల్దేరి, మర్నాడు సాయంత్రానికి 30 మైళ్లకు పైగా నడిచి చేరుకుంది.

ఈ నడకకు నియమం ఒక్కటే, ఆగకూడదు. కాల్పుల మధ్య కూడా అంతే. పక్కవాడు కూలితే ఆ ఖాళీ పూడ్చుకుని ముందుకు సాగాలి. గాయపడ్డ ఒక్కణ్ణి వెనక్కి చేర్చడానికి ఇద్దరు ముగ్గురు వరస వదిలేవాళ్లు. వాళ్లలో తిరిగి రానివాళ్లూ ఉండేవాళ్లు. అందుకే సాయం చేసేవాణ్ణి అధికారులు అనుమానంగా చూశారు. ఆ అనుమానం క్రూరమే గానీ అబద్ధం కాదు. స్నేహితుణ్ణి భుజాన వేసుకుని వెనక్కి నడిచేవాడిలో జాలి ఎంతో, ప్రాణభయం ఎంతో అతనికే తెలిసి ఉండదు.

దీనికి ఉపదేశం పనికిరాదు, ఏర్పాటు కావాలి. 1862 ఆగస్టులో రెండో బుల్ రన్ యుద్ధం తర్వాత క్షతగాత్రులు రోజుల తరబడి ఆ మైదానంలోనే పడి ఉన్నారు. ఉత్తరాదికే చెందిన పోటోమాక్ సైన్యపు ముఖ్య వైద్యాధికారి జోనథన్ లెటర్‌మన్ అదే నెలలో, ఆ యుద్ధానికి కొద్దిగా ముందు, తన సైన్యంలో ప్రత్యేక అంబులెన్స్ దళాన్ని ఏర్పరిచాడు. శిక్షణ పొందిన ఆ మనుషులే స్ట్రెచర్లు మోయాలి, బళ్లు నడపాలి. మిగతావాళ్లు ఆ పనికి వరస వదలకూడదు. సెప్టెంబర్ 17న ఆంటీటమ్‌లో ఒక్క రోజులో ఇరుపక్షాల్లో చనిపోయిన, గాయపడిన, జాడ తెలియకుండా పోయినవాళ్లు సుమారు 23,000 మంది. అయినా ఉత్తరాది క్షతగాత్రుల్లో ఎక్కువమందిని మర్నాటికల్లా తరలించగలిగారు.

తరలించాక అసలు పరిచర్య మొదలయ్యేది. గడ్డి పరిచిన కొట్టాలు, చర్చిలు ఆసుపత్రులయ్యాయి. మెత్తటి సీసపు తూటా ఎముకను నుజ్జు చేసేది కాబట్టి చేయో కాలో తీసేయక తప్పేది కాదు. మత్తుకు క్లోరోఫామ్ ఉంది గానీ, కత్తిని శుభ్రపరచాలన్న జ్ఞానం ఇంకా రాలేదు. కోలుకుంటున్న సైనికులే చాలాచోట్ల నర్సులు. కట్టు తడపడం, ఈగలు తోలడం, ఇంటికి ఉత్తరం రాసిపెట్టడం వాళ్ల పని. వాళ్లు చూసిన చావుల్లో ఎక్కువ తూటా వల్ల వచ్చినవి కావు, విరేచనాలు, టైఫాయిడ్ వంటి రోగాల వల్ల వచ్చినవి.

లెటర్‌మన్ పద్ధతి ప్రాణాలను కాపాడింది, వరసలనూ చెదరకుండా నిలిపింది. ఈ రెండో ఫలితాన్ని మెచ్చుకోవడం అంత సులువు కాదు. ఆగేవాళ్లు వేరే ఉన్నారని తెలిశాక మిగతావాళ్లు ఆగకుండా చంపగలుగుతారు. 1864 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ ఈ ఏర్పాటును ఉత్తరాది సైన్యాలన్నిటికీ వర్తింపజేస్తూ చట్టం చేసింది. అప్పటికి యుద్ధం మొదలై మూడేళ్లు కావస్తోంది.