కక్కయ్య కోసి చూసినాడు

మా కోయిలకుంట్ల తట్టు బ్రహ్మంగారి కథ తెలియని ఇల్లుండదు. బనగానపల్లె మాకు పొరుగే. ఆ కథలో నా మనసెప్పుడూ కక్కయ్య మీదే. దేహంలోని చక్రాల్లో దేవతలుంటారని స్వామి తన శిష్యుడు సిద్ధయ్యకు చెబుతుంటే చాటుగా విన్నాడు. ఇంటికి పోయి, నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు. ఏ దేవతా కనబడలేదు. వచ్చి స్వామినే నిలదీశాడు. స్వామి ఆమెను బతికించాడు. కోస్తే కనబడతాడా దేవుడు అని జనం ఇక్కడ నవ్వుతారు.

జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన నాకు ఆ నవ్వు మింగుడుపడదు. విన్నదాన్ని చూడబోయినవాడు అక్కడ అతనొక్కడే. (పాపం, ఆ ఇల్లాలిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.)

శాస్త్రవేత్త లాల్జీ సింగ్‌దీ ఆ చూపే. 1947లో ఉత్తరప్రదేశ్ పల్లెలో పుట్టి, కాశీలో పాముల క్రోమోజోములు చదివి, ఎడిన్‌బరోలో పనిచేసి, 1987లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనశాలకు వచ్చారు. ఆయన పరిశీలించిన ఆడ కట్లపాము డీఎన్ఏలో జి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాలు అదే పనిగా మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ వరస ఎలుకలోనూ ఉంది, మనిషిలోనూ ఉంది. ఎక్కడ, ఎన్నిసార్లు అన్నది మాత్రం మనిషికీ మనిషికీ మారుతుంది. బిడ్డకు తండ్రెవరో తేల్చే డీఎన్ఏ పరీక్ష మన దేశంలో ఆ పాము ముక్కతోనే మొదలైంది.

ఈ సంగతి చెబితే గుడి అరుగు మీద పెద్దలు, "చూసినావా, అద్వైతం!" అన్నారు. కక్కయ్యను చూసి నవ్వేదీ వీళ్లే. కోసినప్పుడు కనబడకపోవడం దేవుడు లేడనడానికి సాక్ష్యం కాదంటే, పాములో, మనిషిలో ఒకే వరస కనబడటం ఒకే ఆత్మ ఉందనడానికి సాక్ష్యమెట్లా అవుతుంది? పైగా అంత చిన్న వరసలు ఎక్కడికక్కడ విడిగానూ పుట్టగలవు. గెలిచినప్పుడే ఒప్పుకునే పందెం పందెమే కాదు. దేవుడు లేడని కక్కయ్యను సాక్షిగా తెచ్చే నాస్తిక మిత్రులకూ ఇదే మాట చెబుతాను: అతను వెతికింది కత్తికి అందేదని ముందు తేలాలి.

మా ఇంటావిడకు ఈ తగవే లేదు. పాములు పాలు తాగవని ఏండ్ల తరబడి క్లాసులో చెప్పినోణ్ణి నేను. నాగులచవితికి ఆమె పుట్టలో పోస్తూనే ఉంది. కట్లపాము సంగతి ఆమెకూ చెప్పినా.

"మీ అక్షరాలు కలిసినాయని నేను పోసేది లేదు, కలవకుంటే మానేదీ లేదు" అంది.

ఆ మాటలో తప్పు పట్టలేకపోయినా. దాన్ని తేల్చే పరీక్ష ఏదీ ఉండదన్నదే నా ఇబ్బంది. అదేమో ఆమెకు ఇబ్బందే కాదు.