రాజీ వేరు, క్షమ వేరు



మన పేటలో ఒకణ్ణి కొట్టారనుకోండి. కేసు పెట్టిన మర్నాడే పెద్దమనుషులు దిగుతారు. "ఒకే ఊళ్ళో బతకాల్సినోళ్ళం, కోర్టులెందుకయ్యా, రాజీ పడండి" అంటారు. మనలోనే ఒకరు లేచి "బుద్ధుడు కూడా క్షమించమన్నాడు కదా, అంగుళిమాలుణ్ణి క్షమించలేదా" అంటారు. నిజమే. కానీ అంగుళిమాలుడి మీద ఊళ్ళో రాళ్ళు పడ్డప్పుడు, ఓర్చుకోమని బుద్ధుడు చెప్పింది అంగుళిమాలుడికే. దెబ్బతిన్న ఊరికి కాదు.

చుల్లవగ్గంలో ఇంకో సంగతి ఉంది, మనవాళ్ళు అంతగా చెప్పుకోరు. మచ్ఛికాసండంలో సుధమ్ముడనే భిక్షువు, చిత్తుడనే ఉపాసకుణ్ణి నోటికొచ్చినట్టు అవమానించాడు. బుద్ధుడు భిక్షువును గట్టిగా మందలించాడు, కానీ సంఘం నుంచి వెళ్ళగొట్టలేదు. పోయి ఆ గృహస్థునే క్షమాపణ అడగమన్నాడు. సుధమ్ముడు వెళ్ళాడు గానీ సిగ్గుతో నోరు పెగల్లేదు, తిరిగొచ్చేశాడు. అప్పుడు ఇంకో భిక్షువును తోడిచ్చి పంపించారు. ఈ తోడు ఇవ్వడం నాకు భలే నచ్చింది. తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో తెలిసినవాడు పెట్టిన నియమం అది.

ఎవరు ఎవరి గడప తొక్కారో చూడండి. అంతేకాదు, గృహస్థు క్షమించకపోతే ఏం చేయాలో కూడా నియమంలో ఉంది: అతని కళ్ళెదుటే భిక్షువు తన తప్పు ఒప్పుకోవాలి. క్షమించలేదని గృహస్థుకు శిక్ష లేదు. మన పంచాయితీలో రాజీకి ఒప్పుకోనివాడికి పని దొరకదు, పాలు పోయరు.

మరి కోర్టు చాలా? చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు ప్రకారం చంపినవాళ్ళెవరూ లేరు! ఒక్కడు ముందుకొచ్చి "మేమే చేశాం" అని ఉంటే, అది ఏ జైలు శిక్షా ఇవ్వలేనిది ఆ ఆడవాళ్ళకు ఇచ్చేది. అలాగని కేసు వదులుకోమని నేననను. 1989 అట్రాసిటీ చట్టం వెనకాల లేకపోతే ఆ పెద్దమనుషులు మన గుమ్మం దాకా కూడా రారు.

కాబట్టి ఈసారి వాళ్ళు వస్తే కుర్చీ వేయండి, మంచినీళ్ళివ్వండి. కేసు కాగితం మాత్రం బయటికి తీయకండి. ఒక్కటే అడగండి: "కొట్టినోడు ఏడండీ? అతను రాకుండా మీరొచ్చారేం?"