ఎరిగినవాళ్ల అవిశ్వాసం

అవిశ్వాసం అనగానే ప్రసంగాలన్నీ బయటివాళ్ల వైపే వేలు చూపిస్తాయి. నాస్తికులు, హేతువాదులు, చదువెక్కువై ప్రశ్నలు వేసే ఆడవాళ్లు. సువార్తల్లో మాత్రం యేసుని ఆశ్చర్యపరిచిన అవిశ్వాసం సొంత ఊరిది.

మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఆయన శిష్యుల్ని వెంటబెట్టుకుని నజరేతు వస్తాడు. సమాజమందిరంలో బోధిస్తాడు. విన్నవాళ్లు మొదట విస్తుపోతారు. అదెంతోసేపు నిలవదు. ఇతను వడ్రంగే కదా, మరియ కొడుకే కదా, తమ్ముళ్లు ఫలానావాళ్లు, చెల్లెళ్లు ఇక్కడే ఉన్నారు కదా అని ఆరా మొదలవుతుంది. బోధలో తప్పుందని ఒక్కరూ అనరు. మాటని వదిలేసి, మాట్లాడిన మనిషి పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతారు. మన ఊళ్లలోనూ 'ఎవరి తాలూకు?' అన్న పలకరింపులో ఆప్యాయత ఎంత ఉంటుందో, కులం, వీధి, వృత్తి కనుక్కుని మనిషిని ఓ అరలో సర్దేసే తొందరా అంతే ఉంటుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

మాది నాలుగో తరం క్రైస్తవం. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లకి ఈ కథ కొత్తది. ఎవరి బిడ్డలో చూసి దూరం పెట్టిన ఊళ్లో, ఎవరి బిడ్డవని అడగని దేవుడి కథ. మా తరానికి అది సండే స్కూల్లో బహుమతి కోసం బట్టీపట్టిన కంఠత వాక్యం. అందుకేనేమో, పరిశోధనలో పడి ఒక్కో వాక్యం దగ్గర ఆగి చదవడం అలవాటయ్యేదాకా 'మరియ కొడుకు' అన్న మాట నాకు వినపడనే లేదు. కొడుకుని తండ్రి పేరుతో పిలిచే సమాజంలో తల్లి పేరుతో పిలవడం వెనక వెటకారం ఉందని చాలామంది పండితులంటారు. తమ్ముళ్లు నలుగురికీ పేర్లున్నాయి. చెల్లెళ్లకి లేవు.

మత్తయి ఇదే కథని కాస్త సర్దాడు. వడ్రంగిని వడ్రంగి కొడుకు చేశాడు. నజరేతులో ఎక్కువ అద్భుతాలు చేయలేదని రాశాడు. మార్కు రాసింది వేరు. కొద్దిమంది రోగుల్ని ముట్టి బాగుచేయడం తప్ప అక్కడ ఏ అద్భుతమూ చేయలేకపోయాడట. చేయలేకపోవడమేమిటని వేదాంతులు ఇబ్బందిపడతారు. 'ఈవిడేం చెబుతుందిలే' అని ముందే తీర్మానించుకున్న క్లాసులో పాఠం చెప్పినవాళ్లెవరూ పడరు.

నజరేతులో జరిగిందంతా పక్కనుండి చూసిన ఆ శిష్యులే తర్వాత ఏం చేశారన్నది నాకు అంతకంటే పెద్ద ప్రశ్న. లూకా సువార్త చివర్లో మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లి మరియ, ఇంకొందరు స్త్రీలు ఖాళీ సమాధి చూసొచ్చి పదకొండుమందికీ చెబుతారు. వాళ్లు నమ్మరు. ఆ మాటలకి లూకా వాడిన గ్రీకు పదం 'లేరోస్'. జ్వరం తలకెక్కినవాళ్ల సంధి ప్రేలాపనకి వైద్యులు వాడే మాట. కొత్త నిబంధన మొత్తంలో అది ఇక్కడొక్కచోటే వస్తుంది. ఆనాటి యూదు ఆచారంలో స్త్రీల సాక్ష్యానికి విలువ లేదు గనక అలా జరిగిందని మామూలుగా సర్దిచెబుతారు. కానీ వీళ్లెవరో దారినపోయే స్త్రీలు కాదే! ఎనిమిదో అధ్యాయంలోనే లూకా చెప్పాడు, మగ్దలేనే మరియ, యోహన్న గలిలయ నుంచీ వెంట తిరిగినవాళ్లని, ఆ గుంపుని తమ సొమ్ముతో పోషించిన స్త్రీలలో వాళ్లూ ఉన్నారని. వాళ్ల పోషణలో బతికినవాళ్లకి వాళ్ల మాట ప్రేలాపనయింది. మార్కు సువార్త చివరి వచనాలు తర్వాత చేర్చినవని పండితుల అభిప్రాయం. చేర్చినవాళ్లు కూడా, చూసినవాళ్లని నమ్మనందుకు పదకొండుమందికీ చివాట్లు పడ్డాయన్న సంగతి దాచలేదు.

మా అమ్మమ్మ ముప్పై ఏళ్లు బైబిల్ ఉమన్. ఆమె దగ్గర అక్షరాలు దిద్దిన కుర్రాళ్లు పాస్టరు ఊళ్లో లేనిరోజున ప్రసంగించేవాళ్లు. ఆమె కింద చాపమీద కూర్చుని వినేది. పురుటి నొప్పులకీ, చావు మంచం దగ్గరకీ మాత్రం ఆమె ప్రార్థనే కావాలి. మొగుడు కొడుతున్న ఒక పిల్లని మళ్లీ కాపురానికి పంపొద్దని ఆమె సంఘపెద్దలకి చెప్పింది. 'మీరు ప్రార్థన చేయండమ్మా, మిగతాది మేం చూసుకుంటాం' అన్నారు. పంపేశారు. ఆరు నెలలకి ఆ పిల్ల ఒక చెవి వినపడకుండా తిరిగొచ్చింది.

దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. మొదటి స్త్రీకి ఆర్డినేషన్ ఇచ్చింది 1976లో. మొదటి మహిళా బిషప్, నంద్యాలకి వచ్చిన పుష్పలలిత గారు, 2013లో. ఈ తేదీలు చూసి సంతోషించాలనే ఉంది, సంతోషిస్తాను కూడా. అయితే నా విశ్వాసానికి అడ్డుపడింది డార్వినూ కాదు, మార్క్సూ కాదు. అమ్మమ్మని బాగా ఎరిగినవాళ్లే ఆమె మాట వినకపోవడం. అలాగని సెమినార్లలో స్నేహితురాళ్లు 'ఇంత చదివీ ఇంకా చర్చికా?' అన్నప్పుడూ నాకు నజరేతే గుర్తొస్తుంది. చాపమీద కూర్చున్న ఆడవాళ్లు ఏం నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో అడక్కుండానే వీళ్లకీ తెలుసు.

లూకా కథలో ఆ రాత్రి ఎమ్మాయు నుంచి ఇద్దరు పరుగున యెరూషలేము తిరిగొస్తారు. అప్పటికే ఆ గదిలో వాతావరణం మారిపోయింది. ప్రభువు నిజంగానే లేచాడట, సీమోనుకి కనిపించాడట అని అక్కడున్నవాళ్లు చెప్పుకుంటున్నారు. పొద్దుటి ప్రేలాపన సీమోను పేరు తగిలేసరికి నిజమయింది. మరియ, యోహన్న ఆ గదిలో ఉన్నారో లేదో లూకా రాయలేదు.