దానమా, ఋణమా? బొగ్గుగనుల ప్రాంతంలో సంస్థాగత దాతృత్వం: ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

తన స్వత్వాన్ని వదులుకొని ఎదుటివారికి స్వత్వం కలిగించడమే దానమని ధర్మశాస్త్రకారుల నిర్వచనం. ఇందులో రెండు నియమాలు ఇమిడి ఉన్నాయి. ఇవ్వడానికి ముందు ఆ ద్రవ్యం దాతదై ఉండాలి. ఇచ్చిన తరువాత అది దాతది కాకూడదు. మొదటి నియమం తప్పితే అది బాకీ తీర్చడమే అవుతుంది. రెండవది తప్పితే అది కొనుగోలు అవుతుంది. కళలకు, పరిశోధనకు, ప్రజావిధానాల అధ్యయనానికి ధర్మసంస్థలూ కంపెనీలూ చేసే ధనసహాయాన్ని ఈ రెండు నియమాలతో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంపద ఎవరి శ్రమనుంచి, ఏ నేలనుంచి వచ్చిందో కళ్ళెదుట కనిపించే రామగుండం, గోదావరిఖని ప్రాంతాన్ని ఇందుకు క్షేత్రంగా ఎంచుకోవడమైనది.

ఇచ్చేది ఎవరిది?

1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. అంటే దాత స్థానంలో ఉన్నది ప్రభుత్వరంగ సంస్థ. దాని సంపద మొదటినుంచీ ప్రజలదే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికరలాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో కళలు, సంస్కృతి, ప్రజాగ్రంథాలయాలు కూడా ఉన్నాయి.

2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల వల్ల ప్రభావితమైన జిల్లాల్లో ఖనిజ ఫౌండేషన్లు నెలకొల్పారు. ఆ ఏడాది జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులపై రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం వీటికి జమ కావాలి. పేరుకు ఇది ఫౌండేషన్. స్వభావం చేత గనులవల్ల నష్టపోయినవారికి చెందవలసిన ఋణం. అయినా ఇటువంటి నిధుల వ్యవహారభాషలో ఆ ప్రజలు ‘లబ్ధిదారులు’గానే కనిపిస్తారు, ‘హక్కుదారులు’ అన్న మాట అరుదు. ఈ పదభేదం చిన్నది కాదు. లబ్ధిదారుడు కృతజ్ఞత చూపాలి. హక్కుదారుడు లెక్క అడగవచ్చు.

తాగునీరు, వైద్యం, విద్య, పర్యావరణం మొదలైనవాటిని ఖనిజ నిధికి ప్రాధాన్యరంగాలుగా పేర్కొన్నారు. కళకు, భాషకు అందులో ప్రత్యేకస్థానం లేదు. నీరు ముందా, పాట ముందా అంటే నీరే ముందని ఎవరైనా ఒప్పుకుంటారు. కాని ఓపెన్‌కాస్ట్ కింద ఊరు పోయినప్పుడు దానితోపాటు ఆ ఊరి జాతర, కథ, పలుకుబడి కూడా చెదిరిపోతాయి. ఆ నష్టానికీ పరిహారం ఉండాలన్నది న్యాయమైన కోరికే.

ఇచ్చిన తరువాత ఎవరిది?

రెండవ నియమానికి ప్రపంచచరిత్రలో ప్రసిద్ధమైన పరీక్ష కూడా బొగ్గుగనుల దగ్గరే జరిగింది. అమెరికాలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 1913లో ఏర్పడింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లో వద్ద, సమ్మెలో ఉన్న గని కార్మికుల గుడారాలపై సాయుధ దళాలు దాడి చేశాయి. స్త్రీలు, పిల్లలు కూడా మరణించారు. ఆ గనుల కంపెనీపై ఆధిపత్యం రాక్‌ఫెల్లర్ కుటుంబానిదే. కొద్ది నెలల్లోనే పారిశ్రామిక సంబంధాలపై పరిశోధనకు ఫౌండేషన్ మెకంజీ కింగ్‌ను నియమించింది. ఈయనే తరువాత కెనడా ప్రధాని అయ్యాడు. 1915లో అదే కంపెనీలో, కార్మికసంఘాన్ని గుర్తించకుండానే, ఆయన రూపొందించిన కార్మిక ప్రాతినిధ్య పథకం అమలైంది. ఫ్రాంక్ వాల్ష్ అధ్యక్షతన విచారణ జరిపిన కమిషన్ అడిగిన ప్రశ్న నేటికీ వర్తిస్తుంది: ఇది ప్రజాహితం కోసం జరిగిన పరిశోధనా, యజమానికి అవసరమైన సలహానా?

పరిశోధన అబద్ధం చెప్పకపోయినా తప్పుదారి పట్టగలదు. ఏ ప్రశ్న వేయాలో దాత నిర్ణయిస్తే చాలు. గనిప్రాంతంలో ‘ఉత్పత్తి ఎలా పెంచాలి’ అన్నదీ, ‘దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతున్నది’ అన్నదీ సమానంగా శాస్త్రీయమైన ప్రశ్నలే. వాటిలో దేనికి నిధులు దొరుకుతాయన్నది నైతిక విషయం. విధానరచన దగ్గర ఈ చిక్కు మరింత పెరుగుతుంది. అక్కడ ఒక నివేదిక వేలమంది బతుకును మార్చగలదు.

మిరాశి, స్వేచ్ఛ

కళాపోషణకు తెలంగాణలో పాత వ్యవస్థ ఒకటి ఉన్నది. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు కులపురాణాలు వినిపించి మిరాశి పొందుతారు. అది భిక్ష కాదు, హక్కు. అయితే ఆ హక్కే కథను కట్టివేసింది; పోషకకులాన్ని కీర్తించడం ఆ కథకు విధి అయింది.

గోదావరిఖని సాహిత్యం దీనికి ఎదురు కొసన ఉన్నది. ఒకరోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే విధానంపై 1981లో కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఆ పోరాటంలోంచి సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమ రెడ్డి, పి. చందు వంటి రచయితలు ఈ నేల జీవితాన్ని కథల్లోకి, నవలల్లోకి తెచ్చారు. ఆ రచనలకు ఊపిరి పోసింది కార్మికజీవితం. దాతల ప్రాపకం కాదు. ఆశ్రితకులాల కళాకారునికి భృతి ఉన్నది, స్వేచ్ఛ లేదు. గనిప్రాంత రచయితకు స్వేచ్ఛ ఉన్నది, భృతి లేదు. ఈ రెండింటినీ కలపగలదా అన్నదే ఏ ఫౌండేషన్‌కైనా అసలైన పరీక్ష.

ఒక ఆక్షేపణ

ప్రజాధనం ఖర్చు చేసేటప్పుడు అజమాయిషీ తప్పదు కదా అని ఆక్షేపించవచ్చు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. కాని ఖర్చుకు లెక్క అడగడం వేరు, రాతకు సంజాయిషీ అడగడం వేరు. అజమాయిషీని పంచుకునే మార్గాలు కూడా చరిత్రలో ఉన్నాయి. బ్రిటన్‌లో 1920 చట్టం టన్ను బొగ్గుకు ఒక పెన్నీ చొప్పున గనికార్మికుల సంక్షేమనిధికి మళ్ళించింది. మన దేశంలో 1947 నాటి బొగ్గుగనుల కార్మిక సంక్షేమనిధి చట్టం బొగ్గుపై సుంకం విధించింది. దాని సలహాసంఘంలో ప్రభుత్వానికి, యజమానులకు, కార్మికులకు చోటు కల్పించింది. ఆ చట్టం 1986లో రద్దయింది. నిధి ఎవరి పేరనైనా ఉండవచ్చు. నిర్ణయంలో హక్కుదారులకు భాగం ఉండాలన్న సూత్రం మాత్రం దానితో రద్దు కాలేదు.

ఉపసంహారం

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రజాధనంతో మాండలిక వృత్తిపదకోశాలు వెలువరించింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయపదాల సంపుటం 1962లో వచ్చింది. బొగ్గుబాయి పనికీ అటువంటి కోశం కావాలి. 1990ల తొలినాళ్ళలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు అందులో సగం కూడా లేదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరం వెళ్ళిపోతున్నది. వారి మాటలూ వారితోనే పోతున్నాయి. ఈ పనికి నిధులిచ్చే సంస్థ ముందుగా అది తన ఔదార్యం కాదని, ఆ కార్మికులకు తాను పడిన ఋణమని ఒప్పుకోవాలి. ఇచ్చిన తరువాత ఆ కోశంలో యంత్రాల పేర్లతోపాటు సమ్మె, జీతకోత, ప్రమాదం, చావు గురించి కార్మికులు వాడిన మాటలనూ ఉన్నవి ఉన్నట్లు అచ్చుకానివ్వాలి. అప్పుడే ఆ ధనం రెండు నియమాలకూ నిలుస్తుంది.