రెండంగుళముల కొదవ

సంతానమును పొందుట దైవానుగ్రహము. దానిని తీర్చిదిద్దుట గృహస్థుని తపస్సు. ఐదేండ్లు లాలింపుమనియు, తరువాత పదేండ్లు దండింపుమనియు, పదునారవయేట మిత్రునివలె చూడుమనియు నీతిశాస్త్రము చెప్పుచున్నది. అయినను ఏ తప్పునకు ఎంత దండనము, దానిని ఎచ్చట ఆపవలయును అను ప్రశ్న ప్రతి గృహమునను నిత్యము ఎదురగుచునేయున్నది. దీనికి శ్రీమద్భాగవత దశమస్కంధమున యశోదామాత నడవడియే సమాధానము.

పెరుగు చిలుకుచున్న తల్లి ఒడిలో కృష్ణుడు పాలు త్రావుచుండెను. పొయ్యిమీది పాలు పొంగుట చూచి, బిడ్డ ఆకలి తీరకమునుపే దింపి ఆమె పరుగెత్తెను. కోపించిన బాలుడు పెరుగుకుండను రాతితో పగులగొట్టి, రోలెక్కి, వెన్నను కోతికి పెట్టుచుండెను. పగిలిన కుండను చూచి యశోద మొదట నవ్వెను. పిమ్మట బెత్తము చేతబట్టి వెంబడించెను. పట్టుబడి, కాటుకకన్నులు నులుముకొనుచు ఏడ్చు బిడ్డ భయమును గమనించినంతనే బెత్తమును పారవైచెను. దెబ్బ పడనేలేదు. అయినను తప్పును ఉపేక్షింపక రోటికి కట్టబూనెను.

హిరణ్యకశిపుడు బెత్తమును పారవేయనేరడయ్యెను. తన మాటయే ధర్మమని నమ్మినవానికి తప్పు ఎవరిదో కానరాదు. చండామార్కుల బోధ ఫలింపనపుడు ఏనుగులను, సర్పములను, విషమును ప్రయోగించెను. ప్రహ్లాదుని మనస్సు అణుమాత్రము కదలలేదు. ధృతరాష్ట్రుడన్ననో త్రాడునే చేతబట్టలేదు. విదురుడు హెచ్చరించినను, జూదము అనర్థమని తెలిసియు, కొడుకును కాదనలేకపోయెను. ఒకడు భయమును నమ్మెను. మరొకడు మమకారమునకు లొంగెను.

యశోద త్రాడు రెండంగుళములు తక్కువయ్యెను. ఇంటనున్న త్రాళ్ళన్నియు ముడివేసినను ఆ కొదవ తీరలేదు. చెమటతో తడిసి, సిగపూలు జారి, అలసిన తల్లిని చూచి జాలిగొని స్వామి తానే కట్టువడెను. ఒక అంగుళము భక్తుని ప్రయత్నము, రెండవది భగవత్కృప యని పెద్దలు వ్యాఖ్యానించిరి. బిడ్డల పెంపకమునను అంతియే. ఒక అంగుళము మన శ్రమ. రెండవది బిడ్డ మనస్సమ్మతి. అది బలముచే లభించునది కాదు. తనకొరకు తల్లిదండ్రులు పడు పాటును బిడ్డ కన్నులార చూచినపుడే లభించును.

2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తప్పినవాడు మొదట చేరదలచు చోటు తన ఇల్లే కావలయును. ఆ గడపయందు భయము కాచుకొనియున్నచో బిడ్డ మరెచ్చటికి పోవును?

కావున తల్లిదండ్రులారా, దండింపబోవునపుడు బిడ్డ కన్నులలోనికి చూడుడు. అందు భయము కనబడినచో బెత్తమును పారవేయుడు. నియమమను త్రాడును మాత్రము విడువక, ఓర్పుతో ముడివేయుచుండుడు. తల్లి త్రాటికి కట్టువడి దామోదరుడైన స్వామి ఆ రెండవ అంగుళమును మనకును అనుగ్రహించుగాక!