పడిన చెట్టు ఎవరిది?

పోలండ్, బెలారస్ సరిహద్దులో బియావొవియెజా అనే పాత అడవి ఉంది. అక్కడ ఒక స్ప్రూస్ చెట్టు చచ్చి పడిపోయిందనుకోండి. అటవీశాఖకి అది కలప. చుట్టుపక్కల ఊళ్లకి చలికాలం కట్టెలు. దాన్ని ఉన్నచోటే కుళ్ళనివ్వండి అనేవాళ్లు ఎవరి తరఫున అడుగుతున్నట్టు?

ఒక జవాబు: బక్స్‌బామియా విరిడిస్ అనే నాచు తరఫున. చెరువులో తేలే నాచు కాదిది, వానాకాలం గోడల మీద మొలిచే రకానికి చుట్టం. దీని ఆకులు కంటికి ఆనవు. కనిపించేదల్లా ఓ పొట్టి కాడ, దాని చివర వడ్లగింజంత పచ్చటి కాయ. యూరప్‌లో 1992 నాటి హాబిటాట్స్ డైరెక్టివ్ కాపాడమన్న జాతుల్లో ఇదొకటి. ఎక్కువగా నీడలో, బెరడు ఊడి మెత్తబడి స్పాంజిలా నీళ్లు పట్టుకున్న దుంగల మీద పెరుగుతుంది. చెట్టు ఆ స్థితికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంకొన్నేళ్లకి ఆ దుంగా మట్టిలో కలిసిపోతుంది. ఈలోపు నాచు సిద్ధబీజాలు మరో దుంగని చేరుకోవాలి.

ఇక్కడే ‘కాపాడటం’ అన్న మాట తిరగబడుతుంది. గుడిని కాపాడటమంటే రాళ్లు పడిపోకుండా చూడటం. పుస్తకాన్ని కాపాడటమంటే చెదలు పట్టకుండా చూడటం. ఈ దుంగ కుళ్ళకుండా ఆపితే మాత్రం నాచుకి చోటే ఉండదు. కాపాడాల్సింది దుంగని కాదు, దుంగల వరసని. కొన్ని దశాబ్దాలు అడవిని ‘శుభ్రం’ చేస్తే ఆ వరస తెగిపోతుంది. అడవి మాత్రం చూడ్డానికి పచ్చగానే ఉంటుంది.

బియావొవియెజాలో ఈ గొడవ కోర్టుదాకా వెళ్లింది. బెరడు పురుగు స్ప్రూస్ చెట్లని చంపేస్తోందని 2016లో అప్పటి పర్యావరణ మంత్రి యాన్ షిష్కో ఒక ఫారెస్ట్ డివిజన్‌లో నరికే కలప పరిమితిని దాదాపు మూడింతలు చేశాడు. 2018 ఏప్రిల్ 17న యూరోపియన్ యూనియన్ కోర్టు ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. చచ్చిన చెట్లలో బతికే అరుదైన పెంకుపురుగుల ప్రస్తావన కూడా ఆ తీర్పులో ఉంది.

మంత్రి వాదనని కలప వ్యాపారం అని కొట్టిపారేయడం తేలిక. కానీ అందులో మనందరికీ అలవాటైన నీతి ఒకటుంది: జబ్బు చేస్తే చూస్తూ ఊరుకోకూడదు. ఇంట్లో మనిషి విషయంలో అది నిజమే. చెట్టు చావు మాత్రం అడవికి జబ్బు కానక్కర్లేదు. ఫిన్లాండ్ అడవుల్లోని జాతుల్లో 20 నుంచి 25 శాతం చచ్చిన చెట్ల మీదే ఆధారపడతాయని ఒక అంచనా.

అలాగని ‘వదిలేస్తే చాలు’ అనడమూ కుదరదు. తరతరాలుగా ఊడ్చేసిన అడవిలో వదిలేయడానికి ఏం మిగిలింది? అందుకే స్వీడన్, ఫిన్లాండ్‌లలో నరికేటప్పుడు కొన్ని చెట్లని మూడు నాలుగు మీటర్ల ఎత్తున కోసి మోళ్లుగా నిలబెట్టి వదిలేస్తారు. బతికున్న చెట్టుని చంపి, చచ్చిన చెట్టుని తయారు చేయడమన్నమాట. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, నా లెక్కలో ఇది పాత అప్పు తీర్చడమే. పూర్తిగా తీరే అప్పు కాదు. ఎండలో నిలబడ్డ మోడు కొన్ని పురుగులకి ఇల్లవుతుంది కానీ, నీడా తడీ కావాల్సిన ఈ నాచుకి పనికిరాదు. ఇరవై ఏళ్ల కుళ్ళుని ఇవాళ ఆర్డర్ పెట్టి తెప్పించుకోలేం.

నాచుకి నొప్పి తెలీదు, అది హక్కులడగదు. అయినా మనకో బాధ్యత ఉంది, ఎందుకంటే మళ్ళీ అతకలేని వరసని తెంపే శక్తి మన చేతుల్లో ఉంది. ఆ బాధ్యత ఖర్చంతా కట్టెలతో చలి కాచుకునే ఊరి మీద వేసి, దూరం నుంచి అడవిని మెచ్చుకోవడం మాత్రం న్యాయం కాదు. దుంగని ముట్టుకోవద్దనేవాళ్లు, ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలో కూడా చెప్పాలి.