మితం తప్పిన పనికి ధ్యానం మందా?

పని ఒత్తిడికి నలిగిపోతున్న ఉద్యోగికి మన దగ్గర తేలిగ్గా దొరికే సలహా ఒకటుంది: ఫలితం సంగతి వదిలెయ్, నీ పని నువ్వు చెయ్, మనసు అదే కుదుటపడుతుంది. గద్వాల బ్యాంకులో టార్గెట్ల కింద కూరుకుపోయిన క్లర్కుకైనా, వనపర్తి డిపోలో డబుల్ డ్యూటీ పడిన డ్రైవరుకైనా, నాగర్‌కర్నూల్ గురుకులంలో పగలు పాఠాలూ రాత్రి హాస్టల్ డ్యూటీ చూసే టీచరుకైనా ఇదే మాట. దానికి గీత పేరు కూడా తోడవుతుంది కాబట్టి ఎదురు చెప్పడం కష్టం. మనశ్శాంతి పనిచేసేవాడి సాధన ఒక్కటేనా, పని పెట్టేవాడి ధర్మం కూడానా అన్న ప్రశ్నకు ఆ గీతలోనే జవాబుందని నా నమ్మకం. ఆ జవాబు యజమానికి అంత సౌకర్యంగా ఉండదు.

గీత మొదటి అధ్యాయానికి అర్జున విషాద యోగమని పేరు. నోరెండి, ఒళ్లు వణికి, విల్లు జారవిడిచి రథంలో కూలబడినవాడి గోడుతో గ్రంథం మొదలవుతుంది. ఆ దుఃఖాన్ని కూడా యోగమనే పిలిచారు. కృష్ణుడు మొదట మందలించిన మాట నిజమే. కానీ మందలింపుతో సరిపెట్టలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ బదులు చెప్పి, చివరి అధ్యాయంలో ఇదంతా ఆలోచించుకొని నీకు తోచినట్టు చెయ్యమని నిర్ణయం అర్జునుడికే వదిలాడు. ఉద్యోగికి ఫలాపేక్ష వదలమని చెప్పే అధికారుల్లో ఎందరు ఈ చివరి మాట దాకా వస్తారు? అంతకన్నా ముఖ్యమైనది ఆరో అధ్యాయంలో ఉంది. తిండి, విహారం, పని, నిద్ర, మెలకువ తగుమాత్రంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని అక్కడి బోధ. అంటే మితం ముందు, శాంతి తరవాత. నిద్ర కరువైనవాణ్ణి ధ్యానంలో కూర్చోబెట్టడం ఆ అధ్యాయం ప్రకారమే వరస తప్పిన పని. పైగా ఫలాన్ని ఆశించకపోవడం అన్నది చేసేవాడు తనకు తాను పెట్టుకునే నియమం. దాన్ని పట్టుకొని అవతలివాడి చేత ఎన్ని గంటలైనా పని చేయించుకోవచ్చునని ఏ భాష్యకారుడూ చెప్పలేదు.

వైద్యం కూడా ఈ వరసనే బలపరుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారి కన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మెదడులో రక్తనాళం చిట్లడానికి వైరాగ్యం లోపించడమే కారణమని ఎవరూ అనరు కదా. మోటారు రవాణా కార్మికులకు సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని 1961లోనే చట్టం చేసినవారికి ఈ విషయం తెలుసు. 2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగిన తెలంగాణ ఆర్టీసీ సమ్మెలో ప్రాణాలు తీసుకున్న కార్మికులున్నారు. సమ్మె ముగిశాక ప్రకటించిన ఊరటలు ఏవి? మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి 8 గంటలకల్లా ముగియాలని, పదవీ విరమణ వయసు 60కి పెంచాలని. అంటే కలతకు మందును గంటల్లో, భద్రతలో వెతికారు. అక్కడే వెతకాలి కూడా. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అలాంటి చోట మళ్లీ లోపలికి దిగాలంటే కార్మికుడికి కలిగే భయాన్ని మానసిక దౌర్బల్యం అనడం అన్యాయం. అది ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం. ముందు కప్పు నిలబడాలి, ధైర్యవచనాల సంగతి తరవాత.

ఇక్కడ పాలమూరు పెద్దలు ఒక అభ్యంతరం చెబుతారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లల్ని చంకనేసుకొని దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన మా తాతలకు లేని డిప్రెషన్ వీళ్లకెక్కడిదని. ఈ మాటను కొట్టిపారేయలేం, అందులో గర్వంతో పాటు నొప్పి కూడా ఉంది. అయితే ఆ తరానికి బాధ లేదని మనకెలా తెలిసింది? అడిగినవాడు లేడు, రాసినవాడు లేడు. తాగుడు, నిద్రలేమి, ఉన్నట్టుండి మౌనమైపోవడం ఇంటి గోడల మధ్యే ఉండిపోయాయి. పైగా ఆ కూలీలు గుంపుగా వెళ్లారు, ఒకే పొయ్యి దగ్గర వండుకున్నారు. ఇవాళ్టి ఉద్యోగి టార్గెట్ తన ఒక్కడి పేరు మీదే ఉంటుంది, వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ చదువుతారు. ఓర్చుకున్నారు కాబట్టి ఓర్చుకోదగిందే అనడం తర్కానికి నిలవదు.

పోటీ ప్రపంచంలో లక్ష్యాలు లేకుండా సంస్థ నడవదన్నది రెండో వాదన. లక్ష్యం ఉండాలి, ఒప్పుకుంటాను. దాన్ని ఎంతమంది మీద, ఎన్ని గంటల్లో మోపుతున్నామన్నదే తగవు. పది మంది పని ఆరుగురితో చేయిస్తూ మిగిలిన నలుగురి లోటును ఓర్పుతో పూడ్చమనడం నిర్వహణ కాదు. మరి పనిభారం తగ్గినా తీరని దుఃఖాలుండవా? ఉంటాయి. చావులు, అప్పులు, కారణం తెలియని దిగులు. అక్కడ ధ్యానానికి, కౌన్సెలర్‌కు, 2022 నుంచి పనిచేస్తున్న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు నిజమైన చోటుంది. ఉద్యోగి ఆ నంబరుకు ఫోన్ చేశాడని తెలిసి ప్రమోషన్ ఆపకపోవడం, బదిలీ చేయకపోవడం యజమాని వంతు. ఇక జూన్ 21న యోగా దినానికి చాపలు పరిచే అధికారులు ఆ ఉదయమే డ్యూటీ చార్టు కూడా ముందు పెట్టుకోవాలి. వరసగా రాత్రి డ్యూటీలు ఎవరికి పడ్డాయో, వారపు సెలవు ఎవరికి రద్దయిందో చూసి, ఆ పేర్లు అక్కడికక్కడే మార్చాలి.